షాకప్స్ ఇంట్లోనే మార్చుకోవచ్చా: వెనకవి సరే, ముందువి ఆగండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం షాకప్స్ గురించే. వానలు తగ్గి రోడ్ల మీద గుంతలు బయటపడ్డాక ఏటా ఇదే వరస. అందుకని మైలేజీ ప్రశ్నలు, ఏసీ ప్రశ్నలు వచ్చే నెలకి తోసేసి ఇవి మాత్రం తీస్కున్నా, మిగతావాళ్లు ఏమనుకోకండి.

ప్రశ్న: నమస్తే అండీ, మాది హనుమకొండ. మాకు 2009 మోడల్ ఆల్టో ఉంది, లక్షా పది వేలు తిరిగింది. ఈమధ్య స్పీడ్ బ్రేకర్ దిగాక వెనక కూర్చున్నవాళ్లు ఉయ్యాల ఎక్కినట్టు ఊగుతున్నారు, మా అత్తయ్యగారైతే ఇంక ఈ కారెక్కనని తేల్చేశారు. మెకానిక్ నాలుగు షాకప్సూ మార్చాలి, పదకొండు వేలు అవుద్ది అన్నాడు. మావారేమో వీడియోలు చూసి "ఇదేం బ్రహ్మవిద్యా, నేనే మారుస్తా" అని గోటీల (సాకెట్ పానాల) సెట్టు కొనుక్కొచ్చారు, ఆదివారం పని మొదలెడదామని పెరట్లో సిమెంటు ఇటుకలు కూడా పేర్చి పెట్టుకున్నారు. నాకు ఆ ఇటుకలు చూస్తేనే గుండె దడగా ఉంది. చెయ్యనివ్వాలా వద్దా చెప్పండి.

జవాబు: చెయ్యనివ్వండమ్మా, కానీ సగమే. వెనక రెండూ ఆయన్ని చేస్కోమనండి, ముందు రెండూ మెకానిక్‌కి వదిలెయ్యమనండి, ఆ ఇటుకలు మాత్రం ఇవాళే అక్కణ్నించి తీయించెయ్యండి, మొక్కల చుట్టూ గట్టు కట్టుకోడానికి పనికొస్తాయి.

ఇటుకల సంగతి ముందు ఎందుకు చెప్తున్నానంటే నేనూ ఒకప్పుడు అదే తెలివి చూపించా. నా పాత మారుతీ 800 వెనక లేపి రెండు సిమెంటు ఇటుకల మీద పెట్టి, మా ఆవిడ కాఫీ అని పిలిస్తే లోపలికెళ్లా, సగం గ్లాసు తాగేలోపు ధబ్‌మని చప్పుడు, వచ్చి చూస్తే ఇటుక పిండైపోయి బండి నేల మీద కూర్చుని ఉంది. ఐదు నిమిషాల ముందు నా తల దానికిందే ఉంది. గోడలో పేర్చినప్పుడు ఇటుక మొత్తం మీద బరువు సమంగా పడుతుంది కాబట్టి మోస్తుంది, కారు కింద పెడితే అరచేతంత చోట మీదే బరువంతా పడుతుంది, పైగా అది ముందు చిట్లి మనకి హెచ్చరిక ఇవ్వదు, ఒక్కసారే పోతుంది. కారుతో వచ్చే జాకీ కూడా స్టెప్నీ మార్చుకోడానికే గానీ దాన్ని నమ్ముకుని కిందకి దూరడానికి కాదు. ఒక జత జాక్ స్టాండ్లు, అంటే లేపిన బండిని మోసే ఇనప స్టాండ్లు కొనండి, లేదా తెలిసిన గ్యారేజీలో ఒక రోజుకి అడిగి తెచ్చుకోండి, వాటితోపాటు ఒక హైడ్రాలిక్ జాకీ కూడా. ఇవి దొరక్కపోతే పని వాయిదా వెయ్యండి, షాకప్స్ ఇంకో వారం ఆగుతాయి.

ఇప్పుడు మీవారికి ఈ పేజీ ఇవ్వండి, ఇక్కణ్నించి ఆయనతో మాట్లాడతా.

బాబూ, ముందు పోయింది నిజంగా షాకప్పేనా చూసుకోండి. షాకప్ బండి బరువు మొయ్యదు, బరువు మోసేది స్ప్రింగు. గుంతలో పడితే స్ప్రింగు నొక్కుకుని మళ్లీ లేస్తుంది, వదిలేస్తే అది అలా లేస్తూ పడుతూనే ఉంటుంది, దాన్ని పట్టి ఆపేదే షాకప్. లోపల ఆయిల్‌లో ఒక పిస్టన్ ఉంటుంది, దానికి సన్నటి కంతలూ వాల్వులూ, ఆయిల్ వాటిలోంచి దూరలేక దూరలేక దూరుతుంటే ఆ ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది, అందుకే గతుకుల రోడ్డు మీద ఓ గంట పోయొచ్చాక షాకప్ ముట్టుకుంటే వెచ్చగా తగుల్తుంది. ఆయిల్ కారిపోయినా వాల్వులు అరిగిపోయినా ఊగుడు ఆగదు. మీ అత్తయ్యగారి ఉయ్యాల ఇదే... సారీ, మీ అమ్మగారి ఉయ్యాల.

డిక్కీ దగ్గర ఒక మూల మీ బరువంతా వేసి నొక్కి వదలండి, పైకి లేచి కాస్త దిగి ఆగిపోవాలి, ఇంకా రెండోసారి మూడోసారి ఊగుతుంటే షాకప్ అయిపోయినట్టే. ఊగకపోతే బాగున్నట్టే అని మాత్రం అనుకోకండి, సగం అరిగినవి ఈ పరీక్షలో పాసైపోతుంటాయి. వంగి షాకప్ గొట్టం చూడండి, సీల్ దగ్గర కాస్త తడిగా దుమ్ము అంటుకుని ఉంటే పర్లేదు, ఆయిల్ ధారగా కిందదాకా కారి బురద కట్టి ఉంటే మార్చాల్సిందే. టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ రుద్దండి, ఒకచోట ఎత్తు ఒకచోట పల్లం అలలు అలలుగా తగుల్తుంటే ఆ టైరు రోడ్డుని పట్టుకోకుండా ఎగిరెగిరి పడుతోందన్నమాట, బ్రేక్ వేసినప్పుడు కూడా అంతే ఎగురుతుంది, బండి ఆగాల్సిన చోట ఆగదు. ఊగుడు సంగతి సరే, నన్నడిగితే షాకప్స్ మార్చడానికి అసలు కారణం ఇదీ. షాకప్స్ తయారుచేసేవాళ్లు 80 వేల కిలోమీటర్ల మాట చెప్తుంటారు, మన రోడ్లకి నేను 50 వేలు దాటినప్పట్నించీ సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా ఓసారి చూపిస్తా. మీది లక్షా పది వేలు, ఇంతవరకూ మార్చలేదంటే అనుమానం అక్కర్లేదు.

ఒక్కటే కారుతోంది కదా ఒక్కటే మారుద్దాం అనుకోవద్దు, వెనక మారిస్తే వెనక రెండూ. ఒకటి గట్టిగా ఒకటి మెత్తగా ఉంటే మలుపులో బండి ఒకవైపు ఒకలా ఇంకోవైపు ఇంకోలా స్పందిస్తుంది. కంపెనీ స్పేర్ అయినా సరే, గాబ్రియల్, మన్రో లాంటి వేరే కంపెనీలవైనా సరే, బిల్లు ఇచ్చే షాపులో కొనండి, బండి మోడలూ సంవత్సరమూ చెప్పి నంబరు సరిచూసుకోండి. రబ్బరు బుష్‌లు, వాషర్లు, నట్లు కొత్తవి వస్తున్నాయో లేదో అక్కడే డబ్బా విప్పి చూడండి, ఆదివారం మధ్యాహ్నం బుష్ లేదని తెలిస్తే షాపులు ఉండవు.

శనివారం రాత్రే పని సగం అయిపోవాలి. కింద బోల్టు దగ్గరా పైన నట్టు దగ్గరా తీగల బ్రష్‌తో మట్టి రుద్దేసి, డబ్ల్యూడీ 40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే బాగా కొట్టి వదిలెయ్యండి, పొద్దున్న లేవగానే ఇంకోసారి కొట్టండి. పదిహేనేళ్ల బోల్టు, తుప్పుతో పెళ్లి చేసుకుని ఉంటుంది. గ్యాస్ మంట పెట్టి వేడి చేస్తే వస్తుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, పక్కనే రబ్బరు ఉంది, షాకప్ లోపల ఆయిలూ, చాలావాటిల్లో ఒత్తిడితో నింపిన నైట్రోజన్ గ్యాసూ ఉంటాయి.

ఆదివారం బండి చదును నేల మీద పెట్టండి. ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది, హ్యాండ్‌బ్రేక్ లాగేశాం కదా ఇంకేం కదల్దు అనుకుంటారు. హ్యాండ్‌బ్రేక్ పట్టుకునేది వెనక చక్రాల్ని, మీరు లేపబోయేది అవే చక్రాల్ని, గాల్లో ఉన్న చక్రాన్ని పట్టుకుని ఏం లాభం? బండి ఫస్ట్ గేర్‌లో వెయ్యండి, ఆల్టోకి ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలే కాబట్టి గేరు వాటిని పట్టుకుంటుంది, ఆ ముందు చక్రాలకి రెండువైపులా చెక్క దిమ్మలు కూడా గట్టిగా పెట్టండి. చక్రం నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చెయ్యండి. తర్వాత వెనక లేపి, బాడీ కింద జాకీ పెట్టడానికి గుర్తుండే గట్టి అంచు దగ్గర రెండువైపులా స్టాండ్లు పెట్టి, బండి వాటిమీద కూర్చున్నాక ఓసారి చేత్తో గట్టిగా ఊపి చూడండి. పడితే ఇప్పుడే పడాలి, మీరు కింద ఉన్నప్పుడు కాదు. తీసిన చక్రాల్ని గోడకి ఆనించకండి, బండి కింద పడుకోబెట్టండి, ఏదైనా జరిగితే ఆ కాస్త ఎత్తే ప్రాణం కాపాడుతుంది.

ఇంకా షాకప్ ముట్టుకోకండి. హైడ్రాలిక్ జాకీని వెనక యాక్సిల్ (రెండు వెనక చక్రాల్నీ కలిపే ఇరుసు) కింద పెట్టి దాన్ని తాకేంతవరకూ లేపి ఉంచండి. ఎందుకంటే బండి గాల్లో ఉన్నప్పుడు యాక్సిల్ మరీ కిందకి జారిపోకుండా ఆపేది ఆ షాకప్పే. మీరు దాన్ని విప్పగానే యాక్సిల్ ధన్‌మని దిగిపోతుంది, బ్రేక్ పైపు సాగిపోతుంది, స్ప్రింగు దాని చోట్లోంచి జారి బయటికొచ్చి పడుతుంది. రెండువైపులా ఒకేసారి విప్పేస్తే ఇది ఖాయం. ఒకవైపు పూర్తిగా బిగించాకే రెండో వైపుకి వెళ్లండి, అలా చేస్తే ఇంకో లాభం కూడా ఉంది, ఏ వాషరు ఎటు పెట్టాలో మర్చిపోతే అటువైపు చూసి పెట్టుకోవచ్చు.

మీ ఆల్టోలో షాకప్ పైకొన బాడీలోంచి లోపలికి వస్తుంది, డిక్కీ వైపు అట్టా మూతా తీస్తే నట్టు కనిపిస్తుంది. దాన్ని తిప్పుతుంటే నట్టుతోపాటు రాడ్డు కూడా గిర్రున తిరుగుతుంది, ఇక్కడే చాలామంది విసుగొచ్చి లేచిపోయేది. రాడ్డు కొసన పట్టుకోడానికి చదును చేసిన భాగం ఉంటుంది, చిన్న పానాతో దాన్ని పట్టుకుని పెద్ద పానాతో నట్టు తిప్పాలి. పాతది తుప్పు పట్టి ఎంతకీ రాకపోతే రాడ్డుని పక్కడ్‌తో పట్టినా నష్టం లేదు, ఎలాగూ పారేసేదే, కానీ కొత్తదాన్ని మాత్రం రాడ్డు దగ్గర ప్లయర్లతో పట్టుకున్నారో దాని అద్దంలాంటి నునుపు మీద గీత పడుతుంది, ఆ గీత పైకీ కిందకీ తిరుగుతూ సీల్‌ని కోసేస్తుంది, ఆర్నెల్లకే మళ్లీ ఆయిల్ కారుడు. నట్టు వచ్చాక వాషరు, రబ్బరు, కింద మళ్లీ రబ్బరు, వాషరు ఈ వరస ఉన్నదున్నట్టు ఫోన్లో ఫోటో తీస్కోండి. కింద బోల్టు విప్పి, సుత్తితో కొట్టాల్సొస్తే మర మీద కాకుండా ఒక చెక్క ముక్క అడ్డం పెట్టి కొట్టండి. షాకప్ చేతికి వచ్చేస్తుంది.

కొత్తది డబ్బాలోంచి తీసి నేరుగా బిగించెయ్యొద్దు. షాపులో అది నెలల తరబడి పడుకుని ఉంటుంది, లోపల గాలీ ఆయిలూ కలిసిపోయి ఉంటాయి. బండిలో ఎలా నిలబడుతుందో అలాగే నిటారుగా పట్టుకుని, మెల్లగా చివరికంటా నొక్కి, మెల్లగా చివరికంటా లాగి, ఇలా నాలుగైదు సార్లు చెయ్యండి. మొదట్లో మధ్యలో ఎక్కడో ఖాళీగా జారినట్టు అనిపిస్తుంది, తర్వాత మొత్తం ఒకే బిగువుతో నడుస్తుంది, అప్పుడు ఎక్కించండి. గ్యాస్‌వి అయితే వాటికి కట్టిన పట్టీ కొయ్యగానే అదే లేస్తుంది, మొహం దగ్గర పెట్టుకోకండి. పనిలో పని, పాతదాన్ని కూడా ఓసారి నొక్కి చూడండి, సైకిల్ పంపులా చులాగ్గా పోతుంది, మీ ఆవిడకి కూడా చూపించండి, డబ్బులు దండగ కాలేదని నమ్ముతారు. ఆ పాతదాన్ని కొయ్యడం, మంటలో వెయ్యడం లాంటివి చెయ్యకండి.

పైన రబ్బర్లు ఎక్కించి నట్టు బిగించండి, రబ్బరు వాషరు అంచుదాకా ఉబ్బితే చాలు, చితికి బయటికి వచ్చేదాకా బిగిస్తే నెలలోనే చిట్లుతుంది. రబ్బరు లోపలికి దూరకపోతే గ్రీజు రాయొద్దు, అది రబ్బర్ని తినేస్తుంది, సబ్బు నీళ్లు చాలు.

ఇక కింద బోల్టు. ఈ ఒక్క ముక్క తెలీక ఎంతమంది కొత్త షాకప్స్ వేశాక కిర్రు కిర్రు మంటున్నాయని ఉత్తరాలు రాస్తారో. షాకప్ కింది కొసన ఉండే గుండ్రటి కంటిలో (బోల్టు దూరే రింగులో) ఉన్న బుష్ రబ్బరు లోపలి గొట్టానికీ బయటి కంటికీ అతుక్కుని ఉంటుంది, బోల్టు బిగించగానే లోపలి గొట్టం కదలకుండా ఆగిపోతుంది, ఆ తర్వాత షాకప్ ఎటు తిరిగినా రబ్బరు మెలి తిరగాల్సిందే. మీరు యాక్సిల్ కిందకి వేలాడుతున్నప్పుడే బిగించేశారనుకోండి, బండి నేల మీదకి దిగగానే ఆ రబ్బరు మెలి తిరిగి అలాగే ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, మాట్లాడుతుంది, చిరుగుతుంది. అందుకని బోల్టు చేత్తో బిగించి వదిలేసి, యాక్సిల్ కింద ఉన్న జాకీని మెల్లగా లేపండి, బాడీ స్టాండ్ల మీంచి ఇప్పుడో ఇంకాసేపటికో లేస్తుందనిపించే దగ్గర ఆపండి, అంటే బరువు మొత్తం స్ప్రింగు మీదకి వచ్చినట్టు, అప్పుడు కింద బోల్టు చివరి బిగింపు బిగించండి. నా మొదటి జత నేనే ఇలా గాల్లో బిగించి నాశనం చేశా కాబట్టి ఇంత పొడుగ్గా చెప్తున్నా.

ఎంత బిగించాలి అంటే దేనికి దానికే సర్వీస్ మాన్యువల్లో అంకె ఉంటుంది, అది పట్టుకోండి, టార్క్ రెంచి (ఎంత బిగువుతో బిగిస్తున్నామో చూపించే పానా) అద్దెకి దొరికితే మంచిది. దొరక్కపోతే ఒక లెక్క గుర్తుపెట్టుకోండి, అడుగు పొడవు పానా చివర 30 కిలోల బరువు వేలాడితే ఎంత ఒత్తిడో అది దాదాపు 90 న్యూటన్ మీటర్లు, మాన్యువల్లో బిగింపు అంకె ఉండేది ఈ కొలతలోనే. బియ్యం బస్తా ఎత్తిన చేతికి 30 కిలోలు ఎంతో తెలుసు కదా. మూడడుగుల పైపు తొడిగి మీద ఎక్కి గెంతడం అసలొద్దు.

చక్రాలెక్కించి, దించి, చక్రం నట్లు ఎదురెదురుగా బిగించి, కాలనీలో మెల్లగా ఓ రౌండు కొట్టి రండి. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ మళ్లీ ఓసారి చూడండి. వెనక షాకప్స్ మార్చినందుకు ఈ బండికి అలైన్‌మెంట్ (చక్రాల వాలు సరిచెయ్యడం) అక్కర్లేదు, ఎవరైనా చెయ్యాలంటే నవ్వి ఊరుకోండి. మొదటిసారి కాబట్టి రెండింటికీ కలిపి మూడు గంటలు, భోజనం టైముకి అయిపోతుంది.

ముందువి ఎందుకొద్దన్నానో కింద ప్రశ్నలో చూడండి.

ప్రశ్న: సర్, నంద్యాల నుంచి రాస్తున్నా. నాది ఐ10, వెనక షాకప్స్ నేనే మార్చా, సూపర్‌గా వచ్చింది. ఇప్పుడు ముందువి కూడా చేద్దామని ఆన్‌లైన్లో స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగుని నొక్కి పట్టే పనిముట్టు) తెప్పించా, రెండు పొడుగు మరలు, ఒక్కోదానికి రెండేసి కొక్కేలు. దీంతో చెయ్యొచ్చా? మా ఫ్రెండ్ ఒకడు అదికూడా అక్కర్లేదు, తాడుతో కట్టి నట్టు విప్పెయ్యొచ్చు అంటున్నాడు.

జవాబు: తమ్ముడూ, ఆ ఫ్రెండ్‌ని ఆ రోజు ఇంటికి పిలవకు.

ముందువైపు స్ప్రింగు వేరు, షాకప్ వేరు కాదు, స్ప్రింగు షాకప్ చుట్టూనే ఉంటుంది, రెండూ కలిపి స్ట్రట్ అంటారు, పైన మధ్యలో ఉన్న ఒక్క నట్టు ఆ స్ప్రింగుని నొక్కి పట్టుకుని ఉంటుంది. చక్రం గాల్లో వేలాడుతున్నా సరే, స్ట్రట్ విప్పి బల్ల మీద పెట్టినా సరే, ఆ స్ప్రింగు ఇంకా నొక్కుకునే ఉంది. కంప్రెసర్ లేకుండా ఆ నట్టు విప్పితే స్ప్రింగు మీది మూతా నట్టూ తుపాకీ గుండులా లేస్తాయి, ఎదురుగా మొహం ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. మనుషులు పోయిన పని ఇది, అందుకే ఇందులో నేను సరదాకి కూడా ఊ అనను.

నీ కంప్రెసర్ పనిచెయ్యదని కాదు, కానీ చౌక రకాల్లో ఆ కొక్కేలు స్ప్రింగు వంపు మీద జారుతుంటాయి, ఒకవైపు ఎక్కువ బిగించి ఇంకోవైపు తక్కువ బిగిస్తే స్ప్రింగు అరటిపండులా వంగుతుంది, ఆ వంగినదాన్ని మళ్లీ వదులు చెయ్యాలంటే ధైర్యం చాలదు. మధ్యేమార్గం చెప్తా, నేను చేసేది కూడా ఇదే. స్ట్రట్ మొత్తాన్ని బండిలోంచి నువ్వే విప్పు, బైక్ మీద పెట్టుకుని గోడకి బిగించిన కంప్రెసర్ ఉన్న గ్యారేజీకి తీస్కెళ్లు, స్ప్రింగు మార్పిడి వాళ్ల చేత చేయించుకుని మళ్లీ తెచ్చి నువ్వే బిగించుకో. వాళ్లకి అది పావుగంట పని. పనిలో సగం పైగా నీదే, ప్రమాదం ఉన్న ముక్క ఒక్కటే వాళ్లది.

విప్పేటప్పుడు బానెట్ ఎత్తితే పైన చుట్టూ కనిపించే నట్లు మాత్రమే తియ్యాలి, మధ్యలోది ముట్టుకోకూడదు, ఇది చేతి మీద రాసుకో. కింద హబ్‌కి (చక్రం బిగించే భాగానికి) పట్టి ఉండే రెండు పెద్ద బోల్టులు తీసేముందు అవి ఏ స్థితిలో ఉన్నాయో తెల్ల పెయింటుతో గీత గీసి పెట్టుకో. బ్రేక్ పైపు క్లిప్పూ, ఏబీఎస్ ఉన్న బండైతే దాని వైరూ, లింక్ రాడ్డూ ముందే విడదియ్యి. స్ట్రట్ ఊడగానే హబ్ బయటికి వాలిపోతుంది, దాన్ని తీగతో కట్టి ఉంచకపోతే బరువంతా బ్రేక్ పైపు మీద పడుతుంది, ఇంకా బయటికి లాగితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు ఊడి ఇంకో పెద్ద ఖర్చు మొదలవుతుంది.

ఇంతా విప్పాక పాత టాప్ మౌంటూ, బేరింగూ, బంప్ స్టాపరూ, దుమ్ము తొడుగూ మళ్లీ అవే పెట్టకు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా స్ప్రింగు టంగ్ టంగ్ మంటోందంటే ఆ బేరింగే, షాకప్ తప్పేం లేదు. గుంతల్లో టక్ టక్ చప్పుడైతే ముందు లింక్ రాడ్లూ లోయర్ ఆర్మ్ బుష్‌లూ చూపించు, సగం బండ్లకి అక్కడే తేలిపోతుంది, షాకప్స్ అనవసరంగా మార్చినవాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. ముందువి మార్చాక మాత్రం వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, పెయింటు గీతలు షాపుదాకా వెళ్లడానికే.

ప్రశ్న: అన్నా, మేం అమెరికాలో ఒహాయోలో ఉంటాం, కొలంబస్ పక్కన. పాత కరోలా, ముందు స్ట్రట్స్ పోయాయి. ఇక్కడ షాపులో లేబరు వింటే కళ్లు తిరిగాయి, పార్ట్స్ కన్నా అదే ఎక్కువ. మా నాన్న గుంటూర్లో లారీ మెకానిక్, ఆయన కొడుకునై ఉండి ఇంత కట్టాలా అనిపిస్తోంది. ఇంటి ముందు డ్రైవ్‌వే ఉంది, చేస్కోవచ్చా?

జవాబు: మీరు చేస్కోవచ్చు, ఎందుకంటే అక్కడ దొరికేది ఇక్కడ మా నంద్యాల తమ్ముడికి అంత తేలిగ్గా దొరకదు. స్ప్రింగూ, మౌంటూ, బేరింగూ అన్నీ ఫ్యాక్టరీలోనే బిగించేసిన స్ట్రట్ అక్కడ రెడీగా అమ్ముతారు, మన్రో వాళ్లు క్విక్ స్ట్రట్ అనే పేరుతో అమ్మేది అదే. పాతది మొత్తం విప్పి కొత్తది మొత్తం బిగించెయ్యడమే, స్ప్రింగు జోలికి పోయే పనే లేదు. షాకప్ ఒక్కటే కొనడం కన్నా ఖర్చెక్కువ, అయినా ఇంట్లో చేసుకునేవాళ్లు అదే తీస్కోవాలని నా మాట. మరీ చౌక రకం మాత్రం వద్దు, వాటిల్లో స్ప్రింగు మీ బండికి కొలిచి చేసింది కాకపోతే బండి ఒక అంగుళం ఎత్తుగా నిలబడుతుంది, లేదా కొయ్యగుర్రంలా కొడుతుంది. టార్క్ రెంచి కొనక్కర్లేదు, ఆటోజోన్ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని పనిముట్లు ఇస్తారు, తిరిగి ఇచ్చాక డిపాజిట్ వాపసు.

మీ అసలు శత్రువు తుప్పు. చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఒహాయోలో బోల్టుల్ని ఏం చేస్తుందో గుంటూరు మెకానిక్ కూడా చూసి ఉండరు. రెండు మూడు రోజుల ముందునించే రోజూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి, హబ్ బోల్టులూ లింక్ రాడ్ నట్లూ కొత్తవి ముందే కొని పెట్టుకోండి, ఒకటైనా విరుగుతుంది. సోమవారం ఆఫీసుకి ఈ కారే దిక్కయితే ఆదివారం సాయంత్రం మొదలెట్టకండి, శనివారం పొద్దున్నే మొదలెట్టండి, బోల్టు విరిగినా షాపుకి పోయిరావడానికి ఇంకో బండి ఎవరిదైనా ఉందో లేదో అడిగి పెట్టుకోండి. డ్రైవ్‌వే తారుదైతే ఎండాకాలం మెత్తబడి స్టాండు కాళ్లు దిగబడతాయి, కింద మందపాటి ప్లైవుడ్ ముక్కలు వెయ్యండి. అద్దె ఇల్లయితే లీజు కాగితం ఓసారి చదవండి, బయట బండి రిపేరు చెయ్యకూడదని చాలావాటిల్లో రాసి ఉంటుంది. నాన్నగారికి వీడియో కాల్ పెట్టి పక్కన ఉంచుకోండి, తిడితే తిట్టారు, మధ్యలో నట్టు ముట్టుకోబోతే ఆయనే ఆపుతారు.

ప్రశ్న: మా డిజైర్ వెనక నలుగురెక్కి సామాను పెడితే బాగా కిందకి దిగిపోయి స్పీడ్ బ్రేకర్లకి రాసుకుంటోంది. షాకప్స్ మార్చాం, అయినా అంతే. స్ప్రింగు మధ్యలో దూర్చే రబ్బరు బఫర్లు వేస్తే లేస్తుందంటున్నారు, వెయ్యమంటారా? — తణుకు

జవాబు: పైన చెప్పిందే, ఎత్తు స్ప్రింగు పని, షాకప్స్ మారిస్తే ఎత్తు రాదు. డబ్బు పెట్టాక చెప్తున్నందుకు ఏమనుకోకండి. ముందు బండి ఖాళీగా ఉన్నప్పుడు చదును నేల మీద పెట్టి, చక్రం మధ్యలోంచి పైన మడ్‌గార్డు అంచుదాకా టేపుతో రెండువైపులా కొలవండి, అదే మోడల్ కొత్త బండి పక్కింట్లో ఉంటే దాన్ని కూడా కొలవండి. మీది బాగా తక్కువ వస్తే స్ప్రింగులు నీరసించాయి, జతగా మార్చండి. సమానంగా ఉంటే స్ప్రింగులు బానే ఉన్నాయి, మీరు పెట్టే బరువే ఎక్కువ, బండి పుస్తకంలో ఎంత బరువు వరకూ అని ఉందో చూడండి, సంక్రాంతికి ఊర్నించి తెచ్చే రెండు బస్తాల బియ్యం కూడా అందులో లెక్కే.

బఫర్లు నాకు నచ్చవు. అవి స్ప్రింగులో ఒక చుట్టుని కదలకుండా చేసేస్తాయి, మిగతా చుట్లే పనంతా చెయ్యాలి, ఎత్తు కాస్త లేచినట్టు ఉంటుంది కానీ బండి కొట్టడం మొదలవుతుంది, స్ప్రింగు కూడా ఆ ఒక్కచోటే అలిసిపోతుంది. ఏడాదికి ఒక్కసారి బరువు మోయడానికి ఏడాదంతా కుదుపులెందుకు.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయన కారు షాకప్స్‌లో ఆయిల్ తీసి కొత్త ఆయిల్ పోసి సీల్ మార్చి ఇస్తానంటున్నాడు, సగం ధరే. బైకుకి చేస్తారు కదా, కారుకి ఎందుకు చెయ్యకూడదు?

జవాబు: బైకు ముందు ఫోర్కులు విప్పి ఆయిల్ మార్చుకునేలాగే తయారుచేస్తారు, కంపెనీ సర్వీసులో కూడా ఆ పని ఉంటుంది. మామూలు కార్ల షాకప్స్ అలా కాదు, ఫ్యాక్టరీలో మూత నొక్కేసి సీల్ చేసేస్తారు, దాన్ని తెరవాలంటే కొయ్యాలి, మళ్లీ మూయాలంటే వెల్డింగ్ పెట్టాలి, లోపల గ్యాసు పోయింది పోయినట్టే, అరిగిన వాల్వులు అరిగినట్టే. పట్టుకుని నొక్కితే మొదటివారం గట్టిగానే ఉంటుంది, చిక్కటి ఆయిల్ పోస్తారు మరి. దొరకని పాత అంబాసిడర్‌కో ప్రీమియర్ పద్మినికో దిక్కులేక చేయిస్తే అది వేరు, మార్కెట్లో కొత్తవి దొరికే బండికి మాత్రం వద్దు. డబ్బులు సరిపోకపోతే ఈ నెల వెనకవి, ఇంకో రెండు నెలలాగి ముందువి వేయించండి, జత విడదియ్యకుండా ఉంటే చాలు.